దీవుల దారిలో తోడొచ్చిన యువకుడు

స్కాట్లండ్ పడమటి తీరంలో స్కై దీవికి పక్కనే ‘రాసే’ అనే సన్నటి దీవి ఉంది. దాని మధ్యలో డన్ కాన్ అనే కొండ. ఎత్తు 450 మీటర్లకు కాస్త తక్కువే. నెత్తి మాత్రం చదునుగా, నాట్యానికి వేదిక కట్టినట్టు ఉంటుంది. 1773 సెప్టెంబరులో రచయిత జేమ్స్ బాస్వెల్ దాని మీదికెక్కి నిజంగానే నాట్యమాడాడు. దారి చూపింది మాల్కమ్ మెక్లౌడ్. 1746లో కలొడెన్ యుద్ధంలో ఓడి పారిపోతున్న యువరాజు చార్లెస్‌ను స్కై కొండల మీదుగా రహస్యంగా నడిపించిన మనిషి. అరవై దాటినా కుర్రాళ్లతో సమానంగా ఎక్కాడు. శిఖరం మీద చల్లారిన మాంసం, రొట్టె, జున్ను తిని, బ్రాందీ తాగి, మాల్కమ్ పాట విని, అందరూ కలిసి చిందేశారు. ఆ రోజు బాస్వెల్ నడిచింది దాదాపు 40 కిలోమీటర్లు.

అతనితో వచ్చిన నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ కొండెక్కలేదు. ఆ నెల 18న, స్కైలోని డన్‌వేగన్ కోటలో ఉండగా, ఆయనకు 64 నిండాయి. భారీ శరీరం, సరిగా కనిపించని కళ్లు. లండన్ వీధులు వదిలి బతకలేనివాడని పేరు. అలాంటివాడు ఆగస్టులో ఎడిన్‌బరో నుంచి బయల్దేరి, బండి వెళ్లే రోడ్లే లేని దీవుల్లో గుర్రాల మీదా పడవల మీదా అక్టోబరు దాకా తిరిగాడు. కొండలెక్కడం సరదా అని చాలామంది అనుకోని రోజులవి. ఐరోపాలో మో బ్లాఁ శిఖరం మీద మనిషి తొలిసారి కాలుపెట్టింది 1786లో. అందుకే ఈ ఇద్దరి ప్రయాణం నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. వాళ్లు చూసిన అందాల కన్నా, పడ్డ పాట్లను దాచకుండా రాసినందుకు మరీ విలువైనది.

పాట్లు తొందరగానే మొదలయ్యాయి. రాసేకు వెళ్లే పడవలో బాస్వెల్ నౌకరు పరాకు వల్ల గుర్రాన్ని అదిలించడానికి జాన్సన్ బూట్లకు తగిలించుకునే ముళ్లు సముద్రంలో పడిపోయాయి. ఆయన ముందు విసుక్కుని, తర్వాత సర్దుకున్నాడు. చేతికర్ర నదిలో జారిపోయినట్టు ముందురోజు రాత్రే కల వచ్చిందని చెప్పాడు.

అసలు గండం అక్టోబరు 3న. స్కై నుంచి మల్ దీవికి బయల్దేరిన ఓడ తుపాను గాలిలో చిక్కుకుంది. కోల్ దీవి దొరగారి పెద్దకొడుకు డొనాల్డ్ మెక్లీన్ అందులోనే ఉన్నాడు. అందరూ అతన్ని దీవి పేరుతోనే ‘కోల్’ అని పిలిచేవారు. దారి మార్చి, చీకట్లో ఓడను కోల్ దీవి రేవు వైపు తిప్పారు. కింద పడకలో జాన్సన్ నిబ్బరంగా పడుకున్నాడు. కోల్ పెంచుకునే వేటకుక్క ఆయన వీపును ఆనుకుని వెచ్చగా ఉంచింది. పైన బాస్వెల్ వణికిపోతూ, నేనేం చెయ్యాలని అడిగాడు. కోల్ అతని చేతికి ఒక తాడిచ్చి, లాగమనేదాకా వదలొద్దన్నాడు. ఆ తాడుతో పనేం లేదు. భయపడేవాణ్ణి అడ్డు రాకుండా ఒకచోట నిలబెట్టి, మనసు మళ్లించడానికే ఇచ్చాడని బాస్వెల్ తర్వాత గ్రహించాడు. గ్రహించి, పుస్తకంలో రాసుకున్నాడు.

గాలి తగ్గక 14వ తేదీ దాకా కోల్‌లోనే ఉండిపోయారు. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ వెళ్లి వ్యవసాయం నేర్చుకొచ్చిన ఆ యువకుడు ఇక్కడ టర్నిప్ దుంపలు పండించాడు. అతిథులను గుర్రాలెక్కించి దీవంతా తిప్పాడు. జాన్సన్ మాత్రం కాలం వృథా అవుతోందని విసుగెత్తిపోయాడు.

మల్‌లో కల నిజమైంది. ఒక అడుగు దగ్గర ఒక మేకు, గజం దగ్గర ఇంకో మేకు కొట్టించుకుని కొలబద్దగా కూడా వాడుకునే తన ఓక్ కర్రను సామాన్లతో చేర్చమని ఒకడికిచ్చాడు. అది మళ్లీ కనిపించలేదు. చెట్లే లేని దీవిలో అంత కలప చేజిక్కించుకున్నవాడు తిరిగిస్తాడా అన్నది జాన్సన్ వాదం. బాస్వెల్ ఎంత చెప్పినా వినలేదు. ఇంటింటా అన్నం పెట్టి పడకిచ్చిన మనుషుల మీద ఆ అనుమానం న్యాయం కాదని నాకనిపిస్తుంది.

ఈ మల్ మీదే, 45 ఏళ్ల తర్వాత, 1818 జులైలో కవి జాన్ కీట్స్ మిత్రుడు చార్లెస్ బ్రౌన్‌తో కలిసి నడిచాడు. ప్యాంటు పైకి మడిచి, మేజోళ్లు చేత్తో పట్టుకుని, బురద నేలలు, రాళ్లు, వాగులు దాటుతూ సుమారు 60 కిలోమీటర్లు. పొగతో నిండిన గొర్రెలకాపరి గుడిసెలో రాత్రి. అయోనా, స్టాఫా దీవులు చూశాడు కానీ గొంతునొప్పి పట్టుకుంది. అలాగే ఆగస్టు 2న బెన్ నెవిస్ కూడా ఎక్కాడు. చివరికి ఇన్వర్‌నెస్‌లో వైద్యుడు ఇక చాలన్నాడు. ఓడలో లండన్ చేరిన కీట్స్, 1821 ఫిబ్రవరిలో రోమ్‌లో క్షయతో పోయాడు. 

జాన్సన్ బృందం అక్టోబరు 16 రాత్రి ఉల్వా దీవికెదురుగా ఒడ్డున చిక్కుబడింది. కేకలేస్తే గాలి హోరులో అవతలికి వినబడలేదు. రేవులో లంగరేసిన ఐర్లండ్ ఓడ ఒకటి తన పడవ పంపి దాటించింది. నేటికీ ఉల్వాకు వంతెన లేదు. ఒడ్డునున్న బోర్డు మీద పలక జరిపితే ఎర్రరంగు కనబడుతుంది, అది చూసి పడవవాడు వస్తాడు.

మర్నాడు ఇంచ్‌కెన్నెత్ అనే చిట్టి దీవికి చేరారు. అక్కడే కోల్ వాళ్ల దగ్గర సెలవు తీసుకున్నాడు. దారి, గుర్రం, పడవ, స్థానికులతో మాట, అన్నీ తానే చూసుకుని ఇద్దరినీ సముద్రాలు దాటించిన మనిషి. 1774 సెప్టెంబరు 25న ఉల్వాకూ ఇంచ్‌కెన్నెత్‌కూ నడుమ పడవ మునిగి చనిపోయాడు. అతిథులను క్షేమంగా దాటించిన నీళ్లే అవి. జాన్సన్ యాత్రాగ్రంథం 1775 జనవరిలో వెలువడింది. అది సిద్ధమవుతుండగానే ఈ కబురు అందింది. తన కర్ర సంగతి ఆ పుస్తకంలో ఎత్తని జాన్సన్, కోల్‌తో వీడ్కోలు ఘట్టం దగ్గర ఆగి, అతని మరణాన్ని రాసి, మంచితనాన్ని తలుచుకున్నాడు. ఆ యాత్ర చదివేవాళ్లలో చాలామంది ఇద్దరు మహారచయితల కోసమే చదువుతారు. వాళ్లు బతికి రాయగలిగింది ఎవరి వల్లనో ఆ పేజీ చెబుతుంది.