నీరు పోయే దారి ఎవరి పద్దు? ఉత్తర తెలంగాణ పొలాల మురుగు పారుదలకు అందిన ప్రభుత్వ నిధులు

తెలుగునాట పొలాల మురుగు పారుదల చరిత్రను సాధారణంగా కృష్ణా, గోదావరి డెల్టాల చరిత్రగానే రాస్తూ వచ్చారు. తెలంగాణ ప్రస్తావన వచ్చినచోట, అది వాలు ఎక్కువగా ఉన్న పీఠభూమి అనీ, ఇక్కడి కష్టం నీరు రాకపోవడమే గాని నిలవడం కాదనీ ఒక్క వాక్యంలో తేల్చడం ఆనవాయితీ అయింది. గోదావరికీ ప్రాణహితకూ నడుమ నల్లరేగడి నేలల మీద పత్తి, వాగుల వెంట వరి పండించే మంచిర్యాల ప్రాంతాన్ని చూసినవారికి ఈ తీర్పు సరిపోదు. పొలంలో అదనంగా నిలిచిన నీటిని బయటికి పంపే పనికి, అంటే మురుగు పారుదలకు, ప్రభుత్వ ధనం ఇక్కడ కూడా ఖర్చయింది. అయితే అది ఎన్నడూ తన సొంత పద్దు కింద రాలేదు, చెరువు పేరనో కాలువ పేరనో కూలి పనుల పేరనో వచ్చింది. ఇక్కడి వైఫల్యానికి నేల వాలు కన్నా, రైతు మనసు కన్నా, నిధులను అలా ఇతర పద్దులకు ముడిపెట్టిన తీరే పెద్ద కారణం.

తొలి దశలు తెలిసినవే. 1846లో బ్రిటిష్ పార్లమెంటు ధాన్యపు దిగుమతి సుంకాలను తొలగించిన సందర్భంలో గ్రేట్ బ్రిటన్ భూస్వాములకు పొలాల మురుగు పారుదల కోసం 20 లక్షల పౌండ్లు అప్పుగా ఇవ్వడానికి చట్టం చేసింది. బ్రిటిష్ ఇండియాలో 1883 నాటి భూమి అభివృద్ధి రుణాల చట్టం బావులు, చెరువులతోపాటు మురుగు పారుదలను, వరద రక్షణను కూడా రుణానికి అర్హమైన పనుల్లో చేర్చింది. తక్కావి అని పిలిచే ఈ రుణం భూమి తాకట్టు మీద దొరికే అప్పే గాని గ్రాంటు కాదు. నిజాం రాజ్యంలో వాడుకలో ఉన్న దస్తబంద్, అంటే చెరువును సొంత ఖర్చుతో బాగుచేసినవారికి దాని కింది శిస్తులో కొంత వదిలిపెట్టే ఏర్పాటు, గ్రాంటు స్వభావానికి దగ్గరగా ఉంటుంది.

దస్తబంద్‌ను నీటి నిల్వకు ఇచ్చిన ప్రోత్సాహంగా మాత్రమే లెక్కించడం పొరపాటు. తెలంగాణ గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి, అంటే నిండిన నీరు పొర్లిపోయే కట్టడం, దూకిన నీరు ఒర్రె (చిన్న వాగు) పట్టుకుని కింది చెరువుకు చేరి, చివరికి వాగులో కలుస్తుంది. పై పొలాల మురుగు కింది చెరువుకు రాబడి అయ్యేది కాబట్టి ఆ ఒర్రెను తెరిచి ఉంచడం కింది ఊరికి అవసరమయ్యేది. చెరువు మరమ్మతుకు వెచ్చించిన ధనంలో మురుగు పారుదల ఖర్చు కూడా ఈ విధంగా ఇమిడి ఉంది. అలాగని ఆ వ్యవస్థను ఆదర్శంగా చెప్పుకోవలసిన పని లేదు: తూము, మత్తడి చూసే నీరటి శ్రమకు న్యాయమైన ప్రతిఫలం దక్కలేదు, ఒక పెద్ద కట్ట తెగితే దాని కింది చెరువులు వరసగా దెబ్బతినేవి.

డెల్టాలో జరిగింది వేరు. ఆనకట్టల తరువాత కాలువలు ముందు వచ్చాయి, డ్రెయిన్లు వెనుకబడ్డాయి. 1960ల ముంపుల మీద ఏర్పడిన మిత్రా కమిటీ సిఫారసుల తరువాత 1968లో డెల్టా భూముల మీద డ్రైనేజీ సెస్సు విధించే చట్టం వచ్చింది. సెస్సు రైతుకు భారమే. డెల్టా మురుగు కష్టాలు దానితో తీరిపోలేదని కొల్లేరు సరస్సు చుట్టూ నేటికీ వచ్చే ముంపులు చెబుతాయి. అయినా సెస్సు కట్టిన రైతుకు, నా డ్రెయిన్ ఎందుకు పూడిందని అడిగే హక్కు చేతికొచ్చింది. గోదావరి ఎగువన అటువంటి చట్టమూ లేదు, అడగడానికి ఆధారమూ లేదు.

అసలు వివాదం 1974 తరువాతి కాలం మీద ఉంది. ఆ సంవత్సరం డిసెంబరులో కేంద్రం కమాండ్ ఏరియా డెవలప్‌మెంట్ కార్యక్రమాన్ని, అంటే పెద్ద ప్రాజెక్టుల ఆయకట్టును పొలం దాకా తీర్చిదిద్దే పథకాన్ని, ప్రారంభించింది. 1963లో నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఆయకట్టు అందులో చేరింది. పొలం మురుగు కాలువలకు ప్రభుత్వ నిధులు ఈ పథకంతోనే మొదలయ్యాయని, రైతులు భూమి ఇవ్వకపోవడం వల్లనే ఆ పని సాగలేదని తరచుగా చెబుతారు. ఇందులో మొదటి మాట సగం నిజం, రెండోదానికి షరతులు కావాలి.

పిల్లకాలువలు, మురుగు కాలువలు రెండూ పనుల జాబితాలో మొదటినుంచీ ఉన్నాయి. వాటి ఖర్చులో కేంద్రం, రాష్ట్రం పాలు పంచుకునేవి, భూమి చదును మాత్రం ప్రధానంగా రైతు బ్యాంకు అప్పుకు వదిలారు. అయితే పథకం విజయాన్ని కొలిచింది నీరు అందిన విస్తీర్ణంతో గాని నీరు బయటికి పోయిన విస్తీర్ణంతో కాదు; అందుచేత పిల్లకాలువ ముందుకు, మురుగు కాలువ ఎప్పుడూ చివరికి జరిగాయి. 1991లో కేంద్ర జలవనరుల శాఖ నియమించిన కార్యబృందం భూగర్భజలం నేలకు 2 మీటర్ల లోపు ఉంటే దాన్ని నీరు నిలిచిన నేలగా నిర్వచించి, దేశంలోని ఆయకట్టుల్లో అటువంటి భూమి 24.6 లక్షల హెక్టార్లని అంచనా వేసింది. ఆ భూమిని తిరిగి సాగుకు తేవడం పథకంలో ప్రత్యేక అంశంగా చేరింది 1996లో, అంటే పథకం మొదలైన 22 ఏళ్లకు. ఆలస్యానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

రైతు భూమి ఇవ్వలేదన్న వాదనలో నిజం లేకపోలేదు. మురుగు కాలువ తవ్వితే కింది రైతు భూమి పోతుంది, మేలు పై రైతుకు దక్కుతుంది. రెండెకరాల కమతంలో నాలుగు గుంటలు వదులుకోవడం చిన్న విషయం కాదు. కాని పోయిన నేలకు పరిహారం ఇచ్చే ఏర్పాటును ఈ పనిలో భాగం చేయకుండా రైతు ఔదార్యం మీద ఆధారపడిన పథకం, అది దొరకనప్పుడు రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. 2004 తరువాత మురుగు పనులతో సహా ఖర్చులో కనీసం 10 శాతం లబ్ధిదారులు భరించాలన్న షరతు చేరడంతో, భూమి కోల్పోయే రైతు మీద డబ్బు భారం కూడా పడే అవకాశం ఏర్పడింది.

వాలు వాదం కూడా ఇటువంటిదే. వాలు నీటిని తీసుకుపోవాలంటే ఒర్రెలు తెరిచి ఉండాలి; ప్రధాన కాలువ కట్టలు, రోడ్డు కట్టలు ఆ వాలుకు అడ్డంగా పడినచోట పై పొలాలు జాలు పడతాయి, అంటే ఊటనీటితో ఎప్పుడూ తడిసి ఉంటాయి. నల్లరేగడి నీటిని నెమ్మదిగా ఇంకించుకుంటుంది. వరి కొన్నాళ్లు ఓర్చుకునే నిలువ నీటిని పత్తి వేరు ఓర్వలేదు. అన్నిటికన్నా పెద్ద లోపం హద్దుది: ఆయకట్టు పథకం ధనం ఆయకట్టు గీత దగ్గర ఆగిపోయింది. కడెం ప్రాజెక్టు సుమారు 68 వేల ఎకరాల ఆయకట్టులో దండేపల్లి, లక్సెట్టిపేట పొలాలకు కాలువ గురించి అడిగే చోటైనా ఉంది. చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి వైపు వానాధారపు పత్తి చేలు ఏ ఆయకట్టులోనూ లేనందువల్ల వాటి మురుగు ఏ శాఖ బాధ్యతా కాలేదు.

తరువాతి ప్రయత్నాలు ఈ హద్దును కొంత సడలించాయి. 1997 చట్టం సాగునీటి వ్యవస్థల నిర్వహణను నీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించింది, కాని నీరు అందేవారి సంఘం నీట మునిగేవారి గోడు వినే వేదిక కాలేకపోయింది. 2005 ఉపాధి హామీ చట్టం నీరు నిలిచే ప్రాంతాల్లో మురుగు పనులను తన జాబితాలో చేర్చింది. తొలి విడతలోనే, అప్పట్లో మంచిర్యాలతో కూడిన ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు ఉన్నాయి. ఆయకట్టుతో నిమిత్తం లేకుండా మురుగు పనికి దారి తెరిచిన నిబంధన ఇదే అయినా, గ్రామం హద్దులో చేసే పని నాలుగు ఊళ్ల మీదుగా పారే ఒర్రెను చివరిదాకా బాగుచేయలేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను లక్ష్యంగా పెట్టుకుని కట్టలను, తూములను, మత్తళ్లను బాగుచేయడం మెచ్చదగినది. కాని దాని గురి నిల్వ సామర్థ్యమే, మత్తడి దాటిన తరువాత నీటి దారి కాదు.

2019లో గోదావరి మీద కాళేశ్వరం ఎత్తిపోతల పథకం బరాజ్‌లు నిండిన తరువాత నది ఒడ్డున ముంపు కొత్త రూపం ధరించింది. వాటిలో అన్నారం, మేడిగడ్డ బరాజ్‌ల వెనుక నీరు ఎగదన్నినప్పుడు వాగుల నోళ్లు మూసుకుని చెన్నూరు, కోటపల్లి మండలాల పంటలు మునిగాయి. 2022 జులై వరద అసాధారణమైనది, బరాజ్‌లు లేకపోయినా ఒడ్డు పొలాలు కొంత మునిగేవే. అయినా నదిలో నీటిమట్టం పెంచే కట్టడాన్ని ఆమోదించేటప్పుడే వాగుల మురుగుకు నిధి కేటాయించవలసి ఉండింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పిల్లర్లు కుంగి నిల్వ ఆగినందువల్ల ప్రశ్న వాయిదా పడిందే గాని తీరలేదు.

ఇటీవలి ప్రభుత్వాలు రైతుకు నేరుగా డబ్బు ఇవ్వడానికి వెనుకాడలేదు: 2018లో రైతుబంధు ఎకరాకు పంటకు 4,000 రూపాయలతో మొదలైంది, 2023 మార్చి అకాల వర్షాల తరువాత నష్టపోయిన ఎకరాకు 10,000 ప్రకటించారు. ఈ సాయం అవసరమైనదే. కాని ఎకరాల లెక్కన పంచిన ధనంతో ఏ రైతూ ఒంటరిగా మురుగు కాలువ తవ్వుకోలేడు, ఎందుకంటే ఆ కాలువ పొరుగువాడి పొలం గుండానే పోవాలి. నష్టానికి ఏటా చెల్లించి కారణాన్ని వదిలేసే విధానం పొదుపూ కాదు, న్యాయమూ కాదు. ప్రాజెక్టు ఆయకట్టును కాక వాగు పరీవాహకాన్ని, అంటే ఒక వాగులోకి నీరు దించే మొత్తం నేలను, ప్రమాణంగా తీసుకుని, కోల్పోయే గుంటలకు పరిహారంతో కూడిన గ్రాంటు మంచిర్యాల వంటి జిల్లాకు కావాలి. ఎగువ ఒర్రెలను మాత్రమే తవ్వి దిగువను మరిచిపోతే ముంపు ఒక ఊరి నుంచి మరో ఊరికి మారుతుంది కనుక, పని వాగు నోటి దగ్గర మొదలై పైకి రావాలి. పొలానికి నీరు తేవడాన్ని తన బాధ్యతగా ఒప్పుకున్న ప్రభుత్వం, ఆ పొలం నుంచి నీరు పంపడాన్ని కూడా అదే బాధ్యతలో సగంగా ఒప్పుకుని తీరాలి.