పెళ్లయిపోయినా ప్రొఫైల్ మాత్రం పోదు

మన నూజెండ్ల, వినుకొండ వైపు సంబంధం కావాలంటే ఒకప్పుడు పెళ్లిళ్ల పేరయ్యని అడిగేవాళ్లు. ఫలానా పిల్లకి కుదిరిపోయిందంటే ఆ ఫొటో ఆయన సంచిలోంచి తీసేసేవాడు. లేకపోతే ఊళ్లో ఆయన మాటకి విలువ పోయిద్ది గదా! ఇప్పుడా పని మ్యాట్రిమోనీ సైట్లు, డేటింగ్ యాప్‌లు చేస్తున్నాయి. వాటికి ఆ బాధ లేదు. పెళ్లయి పిల్లలు పుట్టినా, ఆ మనిషి తీసేస్తేగానీ చాలా ప్రొఫైళ్లు అట్నే ఉంటయ్యి.

అసలే సేద్యం చేసే కుర్రాళ్లకి సంబంధాలు కుదరడం కష్టంగా ఉంది. యాభై మందికి ఇంట్రెస్ట్ పంపి ఒక్క జవాబూ రాకపోతే, నన్నెవరూ ఒప్పుకోవట్లేదని కుంగిపోతారు. లేదంటే అప్పు చేసైనా ప్రీమియం కడతారు. అవతల మనిషే లేనప్పుడు ఏ ప్లాన్ కొన్నా జవాబు రాదు. అందుకే డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి.

మొదట చూడాల్సింది లాస్ట్ లాగిన్. చాలా మ్యాట్రిమోనీ సైట్లలో ఇది కనపడిద్ది. నెలల కిందటి తేదీ ఉంటే వదిలేయండి. టిండర్‌లో పేరు పక్కన పచ్చ చుక్క ఉంటే గత 24 గంటల్లో యాప్ తెరిచినట్టు. చుక్క లేనంత మాత్రాన మనిషి లేనట్టు కాదు, దాన్ని కనపడకుండా కూడా పెట్టుకోవచ్చు.

రెండోది, రాసిన మాటలకీ వయసుకీ పొత్తు. పుట్టిన తేదీని బట్టి వయసు దానంతటదే మారిద్ది, రాసింది మారదు. వయసు 29 అని ఉండి, కింద ‘బీటెక్ చివరి సంవత్సరం’ అని ఉంటే అర్థం చేసుకోవచ్చు. ఊరు కూడా గమనించండి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. ‘నూజెండ్ల, గుంటూరు జిల్లా’ అని ఉంటే అది అంతకుముందు రాసిందేమో. అలవాటుకొద్దీ ఇప్పటికీ గుంటూరనే రాసేవాళ్లున్నారు కాబట్టి ఇదొక్కటే పట్టుకుని తేల్చేయకూడదు.

మూడోది, మీరు పంపింది అసలు చూశారా లేదా? రెండు మూడు వారాలైనా తెరవకపోతే అది ‘వద్దు’ అన్నట్టు కాదు. ఉత్తరం ఖాళీ ఇంటికి పోయినట్టు.

ఇంకో జాగ్రత్త. చాన్నాళ్లు పలకని ప్రొఫైల్ ఉన్నట్టుండి తీపి మాటలు మొదలుపెట్టి డబ్బడిగితే, ఆ ఖాతా వేరేవాళ్ల చేతిలో పడిందేమో అనుకోండి. ఫొటోని గూగుల్ లెన్స్‌లో వెతకండి, వీడియో కాల్ అడగండి. మ్యాట్రిమోనీ సైట్లు సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2016 జూన్‌లోనే సూచనలిచ్చింది. అట్టని సైటు మీదే భారమేసి కూర్చోకండి. డబ్బు పోతే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరిగా మన వంతు. ఫోన్లోంచి యాప్ తీసేస్తే ప్రొఫైల్ పోదు. సెట్టింగ్స్‌లోకి పోయి అకౌంటే డిలీట్ చేయాలి. మీకు సంబంధం కుదిరిందా? తాంబూలాలు పుచ్చుకున్న రోజే ఆ పని చేయండి. మీ పాత ఫొటో చూసి ఇంకెవరో జవాబు కోసం ఎదురుచూడకుండా ఉంటారు.