వెబ్లీ రివాల్వరు – జీర్ణోద్ధరణ ధర్మం

జీర్ణోద్ధరణ అనగానే మనకు శిథిలాలయాలు, తాళపత్ర గ్రంథాలు స్ఫురిస్తాయి. యుద్ధభూమిలో అరిగిన రివాల్వరుకు సైతం ఆ మాట వర్తిస్తుందని, అందులోనూ ధర్మసందేహాలున్నాయని వెబ్లీ చరిత్ర చదివినపుడు నాకు బోధపడింది.

ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరంలో వెబ్లీ సంస్థ తయారుచేసిన రివాల్వరును బ్రిటిష్ సైన్యం 1887లో స్వీకరించింది. ఆ వంశంలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1915లో వచ్చిన మార్క్ 6. ఆరంగుళాల గొట్టం, ఆరు తూటాలు, కిలోకు పైబడిన బరువు. గొళ్ళెం నొక్కి గొట్టాన్ని క్రిందికి వంచితే ఖాళీ గుల్లలన్నీ ఒక్కసారిగా పైకి లేచి రాలిపోతాయి. మన కాన్పూరు కర్మాగారపు .32 రివాల్వరుకు కూడ వెబ్లీయే మాతృక. 1932లో .38 బోరు ఎన్‌ఫీల్డ్ రివాల్వరు రావడంతో మార్క్ 6 ప్రాభవం తగ్గింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అంగళ్ళకెక్కింది.

గురి కాల్చే అభ్యాసానికి ఇది అనువైనది కావడం విశేషం. దీని .455 తూటాలోని సీసపు గుండు సుమారు 17 గ్రాములు తూగుతుంది. కాని వేగం స్వల్పం, గొట్టంలో ఒత్తిడి తక్కువ. ఆయుధం బరువైనది గనుక చేతికి తగిలే తాకిడి మృదువుగానే ఉంటుంది.

దీనికి తొలి శత్రువు ఉప్పు. ఆనాటి తూటాల అడుగున నిప్పు రాజేసే మందులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలి క్లోరైడుగా, అనగా ఒక విధమైన ఉప్పుగా, గొట్టంలో మిగిలి గాలిలోని తేమను పీల్చుకొని ఉక్కును తినివేసేది. ఉప్పు నూనెలో కరగదు. అందుకే కాల్చిన పిమ్మట వేడినీటితో కడిగి, ఆరబెట్టి, ఆపైన నూనె పూయాలి. అలా కడగక అశ్రద్ధ చేసిన గొట్టాలలో నేటికీ తుప్పు తిన్న గుంటలు కానవస్తాయి.

రెండవ శత్రువు మనిషి. .455 తూటాలు అమెరికాలో దుర్లభం; .45 ఆటోమేటిక్ తూటాలు సులభం. అవి అంచు లేని తూటాలు. 1917 నాటి అమెరికన్ సైనిక రివాల్వర్లలో వాటిని అర్ధచంద్రాకారపు రేకులకు తగిలించి వాడేవారు. ఆ రేకుకు చోటు కల్పించడానికై అమెరికా చేరిన వెబ్లీల సిలిండర్ల వెనుక భాగాన్ని వర్తకులు చెక్కివేశారు. మిగులు సైనికాయుధాల దిగుమతిని 1968 చట్టం అడ్డుకొనే నాటికే ఎన్నో వెబ్లీలు ఈ శస్త్రచికిత్సకు గురయ్యాయి. ఆ కొత్త తూటా పుట్టించే ఒత్తిడి వెబ్లీ ఉక్కుకు ఉద్దేశించినదాని కంటె ఎక్కువ. చెక్కిన లోహం తిరిగి రాదు.

ఇక్కడనే పాఠపరిష్కరణ సూత్రం గుర్తుకు వచ్చింది. చెదలు తిన్న చోట గ్రంథపాతమని చూపాలే గాని, సొంత కవిత్వంతో పూరించరాదు. అదే విధంగా వదులైన మడతబందును, గొళ్ళెపు పట్టును, సిలిండర్ గదులు గొట్టంతో సరిగా కలియడాన్ని నిపుణుడు పరీక్షించాలి; బలం చాలదంటే కాల్చనే రాదు. అలసిన స్ప్రింగు మార్చవచ్చు, పాతదానిని దాచాలి. మార్క్ 6 ముందు గురిపలక మరతో బిగించినది. దానిని ఆకురాయితో అరగదీయక, వేరొకటి అమర్చుకొంటే చాలు. నునుపు కోసం సానపట్టితే మాత్రం చరిత్రే చెరిగిపోతుంది. సైన్యం సొత్తని తెలిపే బాణపు గుర్తు, అమ్మివేసినపుడు మొనకు మొన తగిలేలా ఎదురుగా కొట్టిన మరో బాణం, ఇవన్నీ ఉక్కుపై వ్రాసిన శాసనాలు.

అయితే ఇది వట్టి పురావస్తువు కాదు. 1996 మార్చి 13న స్కాట్లండులోని డన్‌బ్లేన్ పాఠశాలలో ఒకడు లైసెన్సున్న చేతితుపాకులతోనే పదహారుగురు పసిపిల్లలను, వారి ఉపాధ్యాయురాలిని చంపాడు. బడిలో జీవితం గడిపిన నాకు ఆ సంగతి చదివినపుడు చేతులు వణికాయి. 1997 చట్టాలతో గ్రేట్ బ్రిటన్‌లో చేతితుపాకులు దాదాపు నిషిద్ధమయ్యాయి. చారిత్రక ప్రాధాన్యం గల కొన్నింటిని మాత్రం నిర్దేశించిన స్థలాలలోనే భద్రపరచి, అక్కడనే కాల్చడానికి అనుమతించారు. 1890 నుండి గురిపోటీలకు నెలవైన బిస్లీ అట్టి స్థలాలలో ఒకటి.

ఈ ఏర్పాటు నాకు సమంజసంగానే తోచింది. వస్తువును కాపాడే చేతికి, అది దేనికై పుట్టినదో మరువని మనస్సు కూడ ఉండాలి. గాయపు మచ్చలు చెరిపి నిగనిగలాడించడం జీర్ణోద్ధరణ అనిపించుకోదు, అది విస్మృతి.