కలివి కోడి

కడప జిల్లా ముళ్లపొదల అడవుల్లో రాత్రిపూట తిరిగే అరుదైన పక్షి. శాస్త్రనామం రైనాప్టిలస్ బైటార్క్వేటస్. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. పేరులో కోడి ఉన్నా కోళ్ల జాతి కాదు. కలివి పొదల చాటున మసలుతుంది కనుక స్థానికులు అలా పిలుస్తారు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. పగలు పొదల్లో దాగి, చీకటి పడ్డాక పురుగులు ఏరుకు తింటుంది. ప్రపంచ పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది.

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసి, యానాదుల నుంచి అక్కడి జీవజాలం గురించి ఎంతో తెలుసుకున్న థామస్ జెర్డాన్ ఈ పక్షిని సేకరించగా, 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రనామం పెట్టాడు. ప్రకృతి పరిశీలకుడు బ్లాన్‌ఫర్డ్ గోదావరి తీరాన సిరొంచ, భద్రాచలం ప్రాంతాల్లో దీన్ని చూశాడు. 1900లో పెన్నా లోయలో కనిపించిన తర్వాత 86 ఏళ్లు పుస్తకాల్లో దీని జాడ లేదు.

1986 జనవరిలో కథ మలుపు తిరిగింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన భరత్ భూషణ్ ఊరూరా తిరిగి, పక్షి బొమ్మ చూపి వేటగాళ్లను వాకబు చేశాడు. సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె వద్ద ఐతన్న అనే వేటగాడు రాత్రివేళ దాన్ని పట్టి చూపించాడు. అంతరించిందని పుస్తకాలు రాసుకున్న పక్షికి ఆ చుట్టుపక్కల ఊళ్లలో పేరు కూడా ఉంది! పగటిపూట వెతికినవారికి రాత్రి సంచరించే పక్షి దొరకకపోవడంలో వింత లేదు. దీని కోసమే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కనిపించని పక్షిని లెక్కించడమెలా? పి.జగనాథన్, రీస్ గ్రీన్, అసద్ రహ్మానీ తదితర పరిశోధకులు చక్కటి ఉపాయం పన్నారు. పొదల మధ్య బాటలా మెత్తని మట్టి పరిచి, సాయంత్రం చదును చేసి, తెల్లారాక అడుగుజాడలు చూసేవారు. కలివి కోడికి వెనక వేలు ఉండదు. మూడు వేళ్ల గుర్తులే దాన్ని పట్టిచ్చేవి. ఆటోమేటిక్ కెమెరాలు, టేపుమీద దాని కూత వినిపించి బదులు కోసం చెవి యొగ్గడం కూడా తోడయ్యాయి. మరీ చిక్కని అడవీ, బొత్తిగా నరికేసిన బీడూ రెండూ దీనికి పనికిరావని తేలింది. పొదకూ పొదకూ నడుమ బోసినేల కావాలి. కాబట్టి మేకలను, కట్టెలు కొట్టేవారిని పూర్తిగా తరిమేస్తే సరిపోదు, పూర్తిగా వదిలేసినా సరిపోదు.

చెన్నైకి కృష్ణా నీళ్లు తీసుకెళ్లే తెలుగు గంగ ప్రాజెక్టు కాలువ తవ్వకం 2005లో ఈ పక్షి తావుల్లోకే వచ్చింది. పరిశోధకులు అభ్యంతరం లేవనెత్తగా కాలువ దారి మళ్లించారు. పక్షి ఆవాసం కోసం ప్రభుత్వం అదనంగా భూమి సేకరించింది. 

అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఏళ్ల తరబడి గుర్తింపులేక పడి ఉన్న ఒక గుడ్డు ఈ పక్షిదేనని 2013లో ప్రకటించారు. అది పుస్తకాల్లో పక్షి జాడ లేని కాలంలోనే, 1917లో కోలారు ప్రాంతంలో సేకరించినది.