మేకు లేని తెప్ప

భిలాయి ఉక్కు నగరంలోని సెక్టర్ 4 నుండి సముద్రతీరం వందలాది కిలోమీటర్ల దూరం. అయినప్పటికీ ఈ నగరపు సెక్టర్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుండి తరలివచ్చినవే. దేశానికి రైలు పట్టాలు అందిస్తున్న నగరం ఇది. ఆ కుటుంబాలు విడిచి వచ్చిన తీరంలో మాత్రం ఒక్క ఇనుప మేకు అవసరం లేకుండా కెరటాలను దాటే సాధనమొకటి శతాబ్దాల పాటు మనుగడ సాగించింది. అదే తెప్ప.

ఉత్తరాంధ్ర తీరంలో సహజమైన రేవులు తక్కువ. కెరటాలు ఒడ్డుకు చేరువలోనే విరిగిపడతాయి. లోతైన అడుగు గల పడవ అక్కడ ఇసుకను తాకి బోల్తాపడే ప్రమాదం ఉంది. జాలారి, వాడబలిజ మత్స్యకారులు ఈ సమస్యకు కనుగొన్న పరిష్కారం ఎంతో సరళమైనది. తేలికపాటి దుంగలను గొడ్డలితోను, బాడిసతోను చెక్కి, ముందు కొనను పైకి వంపు తిరిగేటట్లు తీర్చి, పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించేవారు. కెరటం మీదపడినా నీరు దుంగల సందులలో నుండి జారిపోతుంది. నిండి మునగడానికి తెప్పకు కడుపే లేదు. నేలను బలంగా తాకినప్పుడు తాటి కట్టు కొంత సడలి ఆ దెబ్బను ఓర్చుకొంటుంది. ఇనుప మేకైతే ఉప్పునీటికి తుప్పుపడుతుంది, కర్రను చీలుస్తుంది. వేట ముగిసిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఎండబెట్టేవారు. దీని నిర్మాణానికి కర్మాగారంతో పనిలేదు. ఇంటి ముందరి ఇసుకే కార్యశాల.

17వ శతాబ్దపు చివరి దశకాలలో కోరమాండల్ తీరాన్ని చూచిన ఆంగ్ల నావికుడు విలియం డాంపియర్ ఈ దుంగల కట్టును తన యాత్రాగ్రంథంలో వర్ణించాడు. తమిళంలోని ‘కట్టుమరం’ అనే మాట ‘కాటమరాన్’గా ఆంగ్లంలో స్థిరపడింది. తరువాతి కాలంలో ఆ పేరు పసిఫిక్ ద్వీపవాసుల జంట పడవలకు, వాటిని పోలిన ఆధునిక నౌకలకు సంక్రమించడం గమనార్హం.

ఆ పసిఫిక్ సముద్రంలోనే మరొక స్వహస్త నిర్మాణం వర్ధిల్లింది. హవాయి ప్రజలు పలకపై కెరటాల మీద స్వారీ చేయడాన్ని 1779లో కెప్టెన్ కుక్ నౌకాబృందానికి చెందిన జేమ్స్ కింగ్ లిఖించాడు. వారి సర్ఫ్ బోర్డులలో కొన్ని విలివిలి కర్రతో తయారయ్యేవి. మన పల్లెలలో ఎర్రని పూలు పూచే బారిజం ఆ జాతి వృక్షమే. 1885లో కాలిఫోర్నియాలో చదువుకొంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు అక్కడి రెడ్‌వుడ్ పలకలతో బోర్డులు చేయించుకొని శాంటాక్రూజ్‌లో సర్ఫింగ్ ప్రదర్శించారు. 1930ల నాటికి టామ్ బ్లేక్ లోపల బోలుగా ఉండే తేలిక బోర్డును రూపొందించాడు. 1950ల చివర పాలీయురేథేన్ నురుగు దిమ్మ వచ్చింది. దానిని నునుపుగా చెక్కి, ఫైబర్‌గ్లాస్ గుడ్డ చుట్టి, రెసిన్ పూస్తే చాలు. ఇంటి షెడ్డులోనే బోర్డు సిద్ధమవుతుంది.

తెలుగు తీరంలో మార్పు మరొక విధంగా వచ్చింది. విశాఖలో ఓడలు దూరాన లంగరు వేసిన కాలంలో, కుట్టుపడవలే సరుకులను కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చేవి. 1931లో రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. 1933లో విశాఖ నౌకాశ్రయం ప్రారంభమైంది. కుట్టుపడవల పని దానితో తగ్గిపోయింది. భిలాయి కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన పిదప, ఉత్తరాంధ్ర శ్రామికులను ఇక్కడికి చేర్చినది కూడా ఆ రైలు మార్గమే. రేవుతో నిమిత్తం లేని తెప్ప మాత్రం ఇసుక తీరాలలో నిలిచింది.

దాని స్వరూపాన్ని మార్చినది ఫైబర్‌గ్లాస్. 2004 సునామీ అనంతరం ఫైబర్ పడవల వాడకం మరింత విస్తరించింది. అవి మన్నికైనవి, మోటారుకు అనువైనవి. మత్స్యకారులు వాటిని కోరుకోవడం సమంజసమే. అయితే ఇందులో ఒక వైపరీత్యం ఉంది. కాలిఫోర్నియాలో ఈ పదార్థమే బోర్డు నిర్మాణాన్ని సామాన్యుని ఇంటికి తెచ్చింది. మన తీరంలో అది నిర్మాణాన్ని ఇంటి ముంగిలి నుండి అచ్చులు గల కార్ఖానాకు తరలించింది. తాను నడిపేదానిని తానే కట్టుకొన్న మనిషి క్రమంగా కొనుగోలుదారుడయ్యాడు.

తెప్పను ప్రదర్శనశాలలో భద్రపరచవచ్చు. కాని ఏ దుంగను ఏ పక్కన ఉంచాలి, ఏ కట్టును ఎంత బిగించాలి, ఎక్కడ వదులు విడవాలి అనే జ్ఞానం కర్రలో ఉండదు. కట్టిన చేతులలో ఉంటుంది. ఆ చేతులు ఇంకా పనిచేస్తుండగానే కొలతలు, భాగాల పేర్లు, ముడుల పద్ధతులు తెలుగులో నమోదు కావాలి. ఓడలు, కోటలతో పాటు ఈ తెప్పకు కూడా మన సముద్ర చరిత్రలో స్థానం దక్కవలసి ఉంది.