ఒకే డేటాకు రెండు డిస్కులు: లినక్స్‌ల 'మిర్రర్' కథ

ఈసారి మనం ఒక కంప్యూటర్ చరిత్ర చెప్పుకుందాం. పోస్టు కొంచెం పొడుగు, ఓపికతో చదవండి.

కాగితం విలువ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తండాల, పెంటల పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కుల సర్టిఫికెట్ లేకుంటే హాస్టల్ సీటు, స్కాలర్‌షిప్ రెండూ ఆగుతయి. 2009 అక్టోబర్‌లో అలంపూర్‌ను వరద ముంచింది. అసొంటప్పుడు పెట్టెల ఉన్న ఒక్క కాగితం కూడా ఇంటితోనే పోతది. ఇప్పుడు ఆ వివరాలన్నీ కంప్యూటర్లకెక్కినయి. మరి ఆ డిస్కే చెడిపోతే?

దీనికి పాత జవాబు ఒకటుంది: ఒకే డేటాను రెండు డిస్కుల మీద రాసుడు. దీన్నే మిర్రర్ అంటరు. 1970లలోనే టాండెం కంపెనీ ఆగకుండా నడిచే తన కంప్యూటర్లల్ల ఈ పద్ధతి వాడింది. 1988లో బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ రాసిన పేపర్‌తో దీనికి 'రెయిడ్ 1' అనే పేరు స్థిరపడింది. రెండు డిస్కులు కొన్నా జాగా ఒక్కదానిదే దొరుకుతది కాబట్టి ఇది ఖరీదైన పద్ధతి అని కూడా వాళ్లు చెప్పిన్రు.

ఖర్చు రెండింతలైనప్పుడు లాభం భద్రత ఒక్కటేనా? ఇక్కడే అసలు కథ మొదలైతది. రాసేటప్పుడు రెండు డిస్కుల మీదా రాయాలె, నెమ్మది డిస్కు కోసం ఆగాలె. చదివేటప్పుడు మాత్రం ఏ డిస్కైనా సరిపోతది. దేన్ని ఎంచుకోవాలో తేల్చేది కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ.

లినక్స్ కెర్నెల్‌ల ఈ కోడ్‌ను 1996 నుంచి ఇంగో మోల్నార్, మిగెల్ డి ఇకాజా, గాడి ఆక్స్‌మన్ రాసిన్రు. 2000లో మికా కుయోప్పలా చదివే పనిని రెండు డిస్కులకు ఇంకా బాగా పంచే కోడ్ రాసిండు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు సుమారు 8 మిల్లీసెకన్లు పడతది. చదివే ముల్లు దూరం జరగాలంటే ఇంకా ఆలస్యం. అందుకే ఏ డిస్కు ముల్లు కావాల్సిన చోటికి దగ్గరుంటే దాన్నే అడుగుడు మొదలైంది.

తర్వాత ఇంకో చిక్కు. కరెంటు పోయి మిషన్ ఒక్కసారి ఆగితే, రెండు డిస్కులు సమానంగున్నయో లేవో తెల్వదు. మొత్తం డిస్కును మళ్లా సరిచూసుకోవాలె, దానికి గంటలు పడతది. 2003లో పీటర్ బ్రూయర్ మొదలుపెట్టిన ఆలోచన 2005లో కెర్నెల్‌లకు వచ్చింది: రాసే ముందు 'ఈ భాగంల రాస్తున్న' అని చిన్న గుర్తు పెట్టుకునుడు. దాంతో గుర్తున్న భాగాలే సరిచేస్తే చాలు. ఆ గుర్తు రాయడానికి కొంచెం టైం పోతది, అయినా ఆ గంటలతో పోలిస్తే అది తక్కువే.

ఇంతల ఎస్‌ఎస్‌డీలు వచ్చినయి. వాటికి ముల్లే లేదు, ఇగ 'దగ్గర' అన్న లెక్కకు అర్థం లేదు. 2012లో షావోహువా లీ ఆ లెక్క మార్చిండు: ఎస్‌ఎస్‌డీ ఉంటే, ఏ డిస్కు దగ్గర పని తక్కువ పేరుకుందో దాన్ని అడుగుడు. డిస్కు మారింది కాబట్టి, పన్నెండేండ్లు మంచిగ పనిచేసిన లెక్క కూడా మారాల్సి వచ్చింది.

ఒక హెచ్చరిక. మిర్రర్ అంటే బ్యాకప్ కాదు. తప్పుగ తుడిపేస్తే రెండు డిస్కుల మీదా ఒకేసారి పోతది. రెండు డిస్కులూ ఒకే గదిలుంటే వరద రెండింటినీ ముంచుతది. అందుకే మన సర్టిఫికెట్ల ఒక ప్రతి ఇంట్ల ఉంటే, ఇంకో ప్రతి వేరే ఊర్ల ఉండాలె.

ఇంకో మాట. మనం చెప్పుకున్న ఈ కోడ్ ఎవరైనా చదవొచ్చు. మికా, పీటర్ లాంటోళ్ల పేర్లు ఆ ఫైల్ మొదట్లనే ఉన్నయి. దీన్ని నేర్చుకునేటందుకు రెండు డిస్కులు కొనక్కర్లేదు. లినక్స్ ఉన్న పాత కంప్యూటర్‌ల రెండు ఖాళీ ఫైళ్లనే డిస్కుల్లెక్క చూపించి మిర్రర్ కట్టొచ్చు, ఒకదాన్ని కావాలని చెడగొట్టి ఏమైతదో చూడొచ్చు. చేసి చూసినోళ్లు ఏం తెలిసిందో కింద రాయండి, తర్వాతోళ్లకు పనికొస్తది.