ఎన్ని గడపలు?

మంట కాస్త ఎగదొయ్యి, ఒలే పిల్లా. సరుగుడు కట్టె బేగి అంటుకుంటుంది. చేతిలో ఆ కాగితం ఏటి? టెక్కలి పెళ్లి లెక్కా? రిసెప్షన్‌కి 500 మంది, కోవా, జీడిపప్పు హల్వా, కొబ్బరి లౌజు. ఇందాక నువ్వు చదువుతుంటే విన్నాను. అందులో ఒక పద్దు తక్కువైంది. అదేదో చెప్పేముందు మా మేనత్త ముచ్చట విను.

మన శ్రీకాకుళం జిల్లా పుట్టిన 1950లోనే నేనూ పుట్టాను. మా చిన్నతనంలో పెళ్లి మిఠాయికి ధర అడిగేవాళ్లే లేరు. ఎవరైనా వచ్చి కబురు చెప్తే అత్త అడిగే మొదటి మాట, "ఎన్ని గడపలు?" ఆడపిల్లతోపాటు అత్తారింటికి సారె కావిళ్లు వెళ్లేవి. ఆ సారె ఊళ్లో గడప గడపకీ పంచాలి. ఒక్క గడప తప్పినా ఏడాదిపాటు మాట పడాలి. గడపకి రెండేసి అరిసెలు, ఒక సున్నుండ అనుకుంటే, అత్త వేళ్ల కణుపుల మీదే లెక్క కట్టేసి బియ్యం ఎన్ని కుంచాలు నానబొయ్యాలో, బెల్లం ఎన్ని వీశలు కావాలో చెప్పేసేది. పిండి దంపడానికి వీధిలో ఆడవాళ్లంతా వచ్చేవారు. వాళ్లింట పెళ్లైతే మనం వెళ్లాలి.

పాకం మాత్రం అత్తదే. పళ్లెంలో నీళ్లు పోసి, పాకం చుక్క వేసి, వేలితో కూడదీసి చూసేది. మెత్తగా ఉండ కట్టాలి. ఒక్క నిమిషం దాటితే అరిసె రాయి, ముందే దించితే నూనెలో విచ్చిపోతుంది. ఆ నిమిషం కోసం తెల్లవార్లూ పొగలో కూర్చున్న మనిషికి ఇచ్చేదేటంటే ఒక చీర, ఒక పళ్లెం మిఠాయి. అత్తకి ముగ్గురు కూతుళ్లు. పెట్టెలో చీరలు పెరిగాయి, ఇంట్లో బియ్యం కుండ అడుగు కనబడింది. అప్పుడు నోరు విప్పింది, వీశకి రెండు రూపాయలు కూలి అని. ఊరు నోరు నొక్కుకుంది. ఇచ్చారు మరి! అత్త చేతి అరిసె ఇంకెక్కడ దొరుకుతుంది?

1960ల మొదట్లో వీశలు పోయి కిలోలు వచ్చాయి. వీశంటే కిలో 400 గ్రాములు. ఆ లెక్కన కిలోకి రూపాయి 43 పైసలు రావాలి. ఒక ఇంటివాళ్లు "వీశ కంటే కిలో చిన్నది గదమ్మా" అని రూపాయి పావలా చేతిలో పెట్టారు. అత్త చదువుకోలేదు. నేను బడిలో నేర్చుకున్న లెక్క చెప్పేసరికి పెళ్లి అయిపోయింది. ఆ పద్దెనిమిది పైసలు చిన్నవి కావు పిల్లా, అప్పట్లో.

ఇప్పుడు గడపా లేదు, కిలో కూడా లేదు. కేటరింగ్ అబ్బాయి "ప్లేటుకెంత?" అంటాడు. ముక్క బరువు ముందు తేల్చుకో. 25 గ్రాముల ముక్కలైతే 500 మందికి ఒక్కో రకం పన్నెండున్నర కిలోలు. చంటిగుంటలు రెండోది అడుగుతారు, వద్దంటామా? 14 కిలోలు చెయ్యి, ధరా 14 మీదే చెప్పు. మందస కోవా అంటున్నావు. 5 లీటర్ల గేదె పాలు మరిగి మరిగి కిలో అవుతాయి. ఆ మరిగినంతసేపట్లో ఎప్పుడు అట్లకాడ ఆపినా అడుగంటుతుంది.

జీడిపప్పు పలాసలో కొను గానీ రకం చూసి కొను. గుండులో, అంటే పగలని పప్పులో, 320 రకమంటే పౌనుకి 300 నుంచి 320 గింజలు, 180 రకమైతే ఇంకా లావు. లావుని బట్టే ధర. హల్వాకి నూరేసేది ముక్క చాలు, రుచి ఒకటే. పైన అతికించేది మాత్రం గుండే ఉండాలి, పెళ్లివాళ్ల కళ్లు ముందు దాని మీదే పడతాయి.

ధర ఎన్నాళ్లు నిలబడుతుందో కూడా రాసివ్వు. 2018లో నేను తప్పు చేశాను. మార్గశిరం పెళ్లికి లౌజు ధర ముందే ఖాయం చేసి బయానా పుచ్చుకున్నాను. అక్టోబరు 11 తెల్లారకముందే తిత్లీ తుపాను వచ్చింది. మన ఉద్దానంలో కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. నాలుగు రోజులు కాయలు కాళ్ల కింద దొర్లాయి, తర్వాత కాయ కనబడలేదు. బయటి కాయ కొని ఆ పెళ్లికి లౌజు పంపాను. మాట తప్పలేదు, చేతిలో రూపాయి మిగల్లేదు. మా తోటలో మళ్లీ నాటిన మొక్కకి నీళ్లు పోస్తూ ఆ సంగతి ఇప్పటికీ తలుచుకుంటాను.

ఇప్పుడు నీ కాగితం చూడు. పాలు రాశావు, పప్పు రాశావు, పంచదార, నెయ్యి, గ్యాసు, డబ్బాలు, ఆటో కిరాయి, అన్నీ రాశావు. నీ కూలి ఏదీ? మీ అమ్మ రెండు రాత్రులు నీతో కూర్చుంటుంది, ఆవిడ కూలి ఏదీ? పలాస ఫ్యాక్టరీలో జీడిపప్పు తొక్క తీసిన ఆడమనిషికి కిలో లెక్కన కూలి కడతారు. అదే పప్పుని హల్వా చేసిన మనిషికి కట్టొద్దా? "మనవాళ్లే గదా" అంటారు పెళ్లివాళ్లు. మనవాళ్లైతే ఒక డబ్బా ఎక్కువ పంపు. కూలి మాత్రం తగ్గించకు.

కలం తీసుకో. ఆ పద్దు అన్నిటికంటే పైన రాయి. రేపు టెక్కలిలో ముందు అదే చదివి వినిపించు.